సంకరము: అలంకారమా, దోషమా?

మన యాలంకారికులు రెండలంకారము లొక్క పద్యమున గలిసినపు డా కలయిక రెండు విధములని నిర్ణయించిరి. నువ్వులును బియ్యమును గలిసినట్లు దేనికది వేఱుగ గనబడుచుండినచో నది సంసృష్టి. పాలును నీరును గలిసినట్లు విడదీయరాకుండినచో నది సంకరము. రెండును వారి దృష్టిలో శోభలే. ఉపమకు రూపకము తోడైనంతమాత్రమున ఉపమ చెడినదనిగాని, రూపకము మైలపడినదనిగాని యే లాక్షణికుడును వ్రాసియుండలేదు. అదే శబ్దము కావ్యమునుండి వెలువడి ఊరిలోనికి వచ్చిన తక్షణమే నిందగా మాఱుచున్నది. మనుష్యుని సంకరుడనుట తిట్టు. కులసంకర మనుట శాపము. పద్యమునకు సొంపైనది మనుష్యునకు మచ్చ యెట్లయ్యెనో యోచించుట సాహిత్యవిమర్శకు సంబంధింపని పని యని కొంద ఱనవచ్చును. కాని మాటల మంచిచెడ్డలను విచారించుటకంటె విమర్శకు వేఱు పని యేమున్నది?

ఇట్లే జాతి యను మాటను జూడుడు. పుట్టుకను దెలుపు ధాతువునుండి వచ్చిన యీ పదము మన భాషలో చేయని ఊడిగము లేదు. తెలుగుజాతి యన్నపుడు గర్వము. పక్షిజాతి యన్నపుడు శాస్త్రము. జాతిరత్న మన్నపుడు ప్రశంస. నీ జాతియే యంత యన్నపుడు చెంపపెట్టు. దేశము, కులము, వర్ణము, వంశము, జంతుభేదము అన్నియు నీ యొక్క సంచిలో పడియున్నవి. ఇందువలన మనకొక సౌకర్యము కలిగినది. 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గు రైలుస్టేషనులో గాంధీని బండినుండి దింపివేసిన కథ చదివి, అది జాతివివక్ష యని కన్నెఱ్ఱ చేయుదుము. మన పొరుగున నడవి యంచున నివసించువానిని గుమ్మము వెలుపల నిలువబెట్టి మాటలాడుటను ఆచార మని పేరిడి యూరకుందుము. మాట యొక్కటే యైనను కోపము మాత్రము సముద్రమునకు ఆవలి దరిని జూచినపుడే పుట్టుచున్నది.

మిశ్రమమను నిందయొక్క రుచి తెలంగాణమువారికి క్రొత్తది కాదు. ఉర్దూ పాలనాభాషగా నున్న దినములలో మన పలుకులలో జేరిన దర్వాజ, జరూరు, జల్ది వంటి మాటలను జూపి, ఇది తెనుగు కాదు, తౌరక్యాంధ్రమని పరిహసించినవారు కలరు. నిజాము రాష్ట్రపు తెలంగాణమున కవులు పూజ్యమను మాట వెలువడినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను ప్రకటించి తగిన యుత్తరమిచ్చిరి. ఆ యుత్తరము ఘనమైనదే. అయినను దాని స్వభావమును గమనింపవలయును. ఆ సంచికలోని పద్యములలో నధికభాగము సంప్రదాయ కావ్యభాషలోనివి. అనగా, మీరు కొలుచు కొలతతోనే కొలిచికొనుడు, మేమును సరితూగుదుము అని చెప్పినట్లయ్యెను. కొలతయే తప్పు, కలిసిన పలుకును పలుకే, అని చెప్పుట యటుపిమ్మటి తరములవారికి మిగిలిన పని. ఈ రెండు ప్రత్యుత్తరముల భేదమును మనస్సునందుంచుకొనినచో ముందు చెప్పబోవునది సుబోధమగును.

కరీంనగరునుండి యుత్తరముగ సాగి గోదావరిని దాటిన వెంటనే ఆదిలాబాదు సీమ. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి యా పాత జిల్లా నాలుగైనది. అందొకటి కొమురం భీం ఆసిఫాబాదను పేర వెలసినది. తెలుగు, మరాఠీ, గోండీ, కొలామీ, లంబాడీ, ఉర్దూ ఒక్క సంతలో వినవచ్చు సీమ యిది. మనము గోండులని పిలుచువారు తమను దాము కోయతూరు లని చెప్పుకొందురు. గోండులనునది పరులిడిన పేరు. వారి భాషను గుఱించి చదువుకొన్న యిండ్లలో సయితము విచిత్రమైన యభిప్రాయములు కలవు. అది భాష కాదనియు, ఏదో యడవి కూతయనియు తలంచువారిని నేనెఱుగుదును. భాషాశాస్త్రజ్ఞులు చెప్పునది వేఱు. ద్రావిడభాషలలో తెలుగునకు మిక్కిలి దగ్గఱి చుట్టములు గోండీ, కువి, కుయి, కొండ మున్నగు దక్షిణమధ్య శాఖవారే. తమిళ కన్నడములు మన కంతకంటె దూరపు బంధువులు. రెండు, మూడు, నాలుగు అని మన మనుచోట గోండులు రండు, మూండు, నాలుంగు అందురు. మన పూర్వులు మూఁడు, నాలుఁగు అని అరసున్నతో వ్రాసినది యా పాత నిండుసున్న యొక్క జాడయే. మన వ్యాకరణ మొక గుర్తుగా దాచుకొన్న ధ్వని వారి నోట నేటికిని సజీవముగ నున్నది. కన్నును వారు కన్ అందురు. చేతిని కై అందురు. ఆ కై మన కైకొను అను క్రియలో నిప్పటికిని గలదు. తోబుట్టువు పలుకును గుర్తింపక దానిని కూత యనువాడు తన పుట్టినింటినే యెఱుగడు.

ఈ సీమను గుఱించి వెలసిన గ్రంథములలో నన్నిటికంటె ప్రసిద్ధమైనది క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు 1948లో ప్రకటించిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథము. గ్రంథకర్త చరిత్రయే యొక పాఠము. ఆయన 1909లో వియన్నాలో జన్మించినవాడు. 1938లో ఆస్ట్రియాను జర్మనీ మ్రింగివేయుటచే నాయన చేతిలోని ప్రయాణపత్రము జర్మనీది యయ్యెను. 1939లో యుద్ధము రాగానే యాయన శత్రుదేశీయు డయ్యెను. మనిషి మాఱలేదు, మనస్సు మాఱలేదు, కాగితము మాఱినది. హైదరాబాదు రాష్ట్రపు టెల్లలు దాటరాదను నిర్బంధముతో నాయనను విడిచిపెట్టగా, ఆ నిర్బంధకాలముననే చెంచులను, పాపికొండల కొండరెడ్లను, రాజగోండులను గుఱించి పరిశోధనము చేసెను. 1940లో జోడేఘాటున కొమురం భీం నేలకొరిగిన పిదప, గోండుల యసంతృప్తికి గారణ మేమని నిజాము ప్రభుత్వ మాయననే విచారింపుమని కోరినది. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకు బడి వెలసినది. ఆయన భార్య బెట్టీ 1987లో మరణింపగా నామె సమాధి యా మార్లవాయిలోనే నిర్మింపబడినది. ఆయన 1995లో గతించెను.

ఈ గ్రంథముయొక్క గొప్పతనము దాని యోపికలో నున్నది. గోండుల దేవతల పుట్టుకలు, నాలుగు, ఐదు, ఆఱు, ఏడు అన్నదమ్ముల శాఖలు, పెండ్లి చావు కర్మలు, పంటపండుగలు, వీనిలో దేనిని గాని వింత యని నవ్వక, పాపమని జాలిపడక, ఒక నాగరకతను వర్ణించినట్లు వర్ణించినాడు. ఉపశీర్షికలోనే వారిది దక్కనుయొక్క రైతు సంస్కృతి యని పేర్కొనుట చిన్న విషయము కాదు. అడవిమనుష్యులని మన మనుకొన్నవారిని నాగలి పట్టిన కాపులుగా చూపించినాడు. కాని యా పురాణములు గోండులలో నెవరివలన నాయనకు లభించినవి? చాలవఱకు ప్రధానులవలన. ప్రధానులు గోండులకు వంశగాయకులు. కిక్రీ వాయించుచు గోండుల దేవగాథలను గోండీలో గానము చేయువారు. వా రింటిలో మాటలాడుకొను భాష మరాఠీ. అనగా, గోండు జాతియొక్క పవిత్రస్మృతి యంతయు నింటిలో వేఱొక భాష మాటలాడు గాయకుల కంఠమున నిలిచియున్నది. ఇంతకంటె స్పష్టముగ సంకరము శోభయని చెప్పు నుదాహరణ మెచ్చట దొరకును? అయినను, గోండులు ప్రధానుల చేతి వంట తినకుండుటయు నా గ్రంథకర్తయే గుర్తించినాడు. పాట కావలయును, పాటకుని పంక్తి యక్కఱలేదు. అణగిన వారియందును అణచు బుద్ధి యుండుననుటకు ఇది సాక్ష్యము. కావున ఈ దోషమును ఒక్క కులమునకో, ఒక్క దేశమునకో యంటగట్టి మనము చేతులు కడిగికొనరాదు.

గ్రంథముయొక్క లోపము దాని సద్గుణమునుండియే పుట్టినది. అది సమగ్రమైన జాతిని వెదకును. గోండు ఎట్లుండును, కొలాము ఎట్లుండును, ప్రధాను ఎట్లుండును అని వేఱువేఱు గదులను గట్టును. ఇద్దఱి నడుమ పుట్టినవాడు, ఒక గది తలుపునుండి మఱొక గది తలుపునకు నడచుచుండువాడు, ఆ పుటలలో నూరక యొక మినహాయింపుగా మాత్రమే కనబడును. ఆయన 1982లో ప్రకటించిన భారత గిరిజనుల మనుగడ పోరాటమను గ్రంథమున ఆదిలాబాదులో భూములు చేతులు మాఱిన తీరు తీవ్రముగ వర్ణింపబడినది. అచ్చటను గిరిజనుడు, పరాయివాడు అను రెండు పాత్రలే. అధికార నివేదికకు రెండు పాత్రలు చాలును. జీవితమునకు చాలవు.

తెలుగులో ఈ సీమను గుఱించి వెలసిన నవలలలో అల్లం రాజయ్య, సాహు కలిసి వ్రాసిన కొమురం భీం ముఖ్యమైనది. రాజయ్యగారు గోదావరికి దక్షిణపు టొడ్డున మంథని ప్రాంతమువారు. అనగా కరీంనగరు సీమ ఆదిలాబాదు సీమను గుఱించి వ్రాసిన కథ యిది. అడవియు నేలయు తమవి కాకుండ పోయిన జనులు తిరుగబడుటయే దాని వస్తువు. గోండును దయకు పాత్రునిగా గాక, నిర్ణయము చేయగల మనుష్యునిగా చూపుట దాని విలువ. వీరగాథయొక్క ధర్మము ప్రక్కలను ఏర్పఱచుట, ఇటువారు, అటువారు. అట్టి రచనను, నడుమనున్నవాని కథ యెక్కడ అని నిలదీయుట న్యాయము కాదు. కాని మన సాహిత్యమున వీరగాథయు, పరిశోధన గ్రంథమును మాత్రమే యుండి, నడుమనున్నవాని స్వవాక్కు లేకపోవుట సాహిత్యముయొక్క కొఱతయే యగును.

రవీంద్రుని గోరా నవలను ఇచ్చట తలపక తప్పదు. 1910లో గ్రంథరూపమున వెలువడిన యా నవలయందు నాయకుడు కఠినాచారపరుడైన బ్రాహ్మణుడు. తుదకు దాను 1857 నాటి తిరుగుబాటు దినములలో ఐరిషు తల్లిదండ్రులకు బుట్టినవాడనియు, తల్లి పురిటిలో మరణించగా ఆనందమయి తన్ను పెంచినదనియు దెలిసికొనును. ఆ క్షణమున కులము, మతము, ఆచారము అన్నియు నాతనినుండి రాలిపోవును. రాలిపోయిన పిదప నాతడు భారతీయుడగును. మహత్తరమైన కల్పన. సంస్కారప్రియులు దానిని నేటికిని మెచ్చుటకు కారణమున్నది. ఐనను ఒక ప్రశ్న మిగిలియున్నది. గోరాకు విముక్తి యెట్లు లభించెను? ఏ వంశమును లేనివా డగుటచేత. రెండు వంశములును గలవాని సంగతి యేమి? రెండిండ్లును బ్రతికియున్నవి, రెండు భాషలును చెవిలో నున్నవి, రెండు వైపుల మేనమామలును పెండ్లికి వత్తురు. అట్టివానికి అన్నియు రాలిపోవుట సాధ్యము కాదు, వాంఛనీయమును కాదు. గోరా నవల యా తలుపువఱకు దెచ్చి మనలను విడిచినది.

స్వానుభవమును కొంచెము చెప్పుట ఇచ్చట నప్రస్తుతము కాదని తలంతును. నా పితృవంశమువారు కరీంనగరు సీమలోని తెలుగు కాపులు. నా మాతామహి కొలాము స్త్రీ. కొలామీయును ద్రావిడభాషయే, 1955లో ఎమెనో అను పండితుడు దానికి వ్యాకరణము వ్రాసెను. గోండులు తమ యూరి స్థలదేవతల పూజకు కొలాములను పూజారులుగ పిలుచుటయు కలదు. నా బాల్యమున తండ్రివైపు బంధువులు నన్ను ద్వేషించినవారు కారు. ఆ మాట చెప్పుట ధర్మము. ఎదుట కూర్చుండబెట్టుకొని అన్నము పెట్టినవారే. ఒక పెద్దమ్మ మాత్రము నా మార్కుల కాగితమును జూచినపు డెల్ల, "పిలగాడు మంచిగ సదువుతుండు, తల్లి దిక్కు పోలే" యనెడిది. ఆమె దానిని ఆశీర్వాదముగనే పలికినది. ఎనిమిదేండ్ల బాలునకు మాత్రము ఆ యాశీర్వాదము తన తల్లిని పాకనుండి వెలుపలికి పంపినట్లు వినబడినది. అమ్మమ్మ గూడెమునకు పోయినపుడు అచ్చటి పిల్లలు, "తెలుగోడచ్చిండు" అని ఆట ఆపివేసెడివారు. తెలుగువాడనిన వారికి తెలిసినది షావుకారు, జంగ్లాతు జవాను, పటేలు. వారి యనుమానమునకు చరిత్ర యున్నది. పెద్దమ్మ యాశీర్వాదమునకు అట్టి చరిత్ర లేదు. అందుచేత రెండు గాయములును ఒకటి కావు. రెండును బాలునకు నొప్పియే కావచ్చును, కాని విచారించువాడు వానిని ఒక త్రాసులో వేయరాదు.

తర్వాత నొక పాఠశాలలో గిరిజనులను గుఱించిన పాఠము వచ్చిన దినమున తరగతిలోని కన్నులన్నియు నావైపు తిరుగుటయు, ఉపాధ్యాయుడు నన్ను లేపి, మీవారు నిజముగా నట్లే తిందురా యని యడుగుటయు జరిగినది. ఆయన ఉద్దేశము జ్ఞానసంపాదనమే. పుస్తకములోని జాతికి బల్లపైని బాలుడు బొమ్మగా నుపయోగపడెను. నేను ఇట్టి సంఘటనలను పెద్ద కష్టములని చెప్పుకొనను. భూమి పోయినవారి కష్టముల యెదుట ఇవి యెంత? కాని జాతిదృష్టి యనునది లాఠీవలెనే కాక లాలనవలెను, కుతూహలమువలెను పనిచేయునని చూపుటకు ఇవి చాలును. అమెరికాలోని నల్లవారి మేధావి డుబాయిస్, ఆఫ్రికా, ఫ్రెంచి, డచ్చి వంశముల కలయికనుండి పుట్టినవాడు, 1903 నాటి తన ప్రసిద్ధ గ్రంథమున దీనికి ద్విధా చైతన్యమని యర్థమిచ్చు పేరు పెట్టెను. తన్ను దాను తన కంటితోను, తన్ను తక్కువచేయువాని కంటితోను ఒక్కమాఱే చూచుకొనుట యని దాని భావము. ఆ రెండవ కన్నును బాలున కిచ్చునది తఱచుగా ఇంటి పెద్దలే.

ఇంటిలో నిట్లుండగా, రాజ్యమే యీ ప్రశ్న నడిగినచో నేమగునో దక్షిణాఫ్రికా చూపినది. 1860లో ట్రూరో యను నౌక మద్రాసునుండి కూలీలను నేటాలునకు గొనిపోయినది మొదలు అచ్చటి చెఱకుతోటలలో తెలుగువారును చేరిరి. 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొనిరి. ఆ దేశమున 1949లో తెల్లవారికిని ఇతరులకును వివాహము నిషేధింపబడెను. 1950లో ప్రతి మనుష్యుని ఒక జాతిక్రింద నమోదు చేయవలెనను చట్టము వచ్చెను. సందేహము కలిగినపుడు చర్మపు చాయను, జుట్టు ఉంగరములను పరీక్షించి, జుట్టులో పెన్సిలు గ్రుచ్చి యది జాఱిపడునో లేదో చూచి నిర్ణయించెడివారు. ఒక తల్లి పిల్లలు ఇద్దఱు రెండు జాతులుగ నమోదైన సందర్భములును కలవు. వివాహనిషేధము 1985లోను, జాతినమోదు చట్టము 1991లోను రద్దయ్యెను. సంకరమును దోషమనుకొన్న రాజ్యము తుదకు పెన్సిలుచేత మనుష్యుని చదువవలసిన దుర్గతికి దిగెను.

మన దేశపు ధ్రువపత్రముయొక్క ధర్మము వేఱు. అది అణచుటకు గాక, అణగినవారికి న్యాయము చేయుటకు ఏర్పడినది. ఈ భేదమును మఱచి రెంటిని సమానము చేయుట యవివేకము. ఐనను, నడుమ పుట్టినవాడు ఈ కాగితము నెదుట నిలిచినపుడు అందు వ్రాయుట కొక్క గడియే యుండును. చిరకాలము తండ్రి జాతియే బిడ్డ జాతి యను భావన నడిచినది. గుజరాతునుండి వచ్చిన యొక వ్యాజ్యమున, తల్లి గిరిజన స్త్రీ, తండ్రి కాడు. తండ్రిని బట్టి బిడ్డ పత్రమును రద్దుచేసిరి. 2012 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము దానిని త్రోసివేసి పునర్విచారణకు పంపినది. తండ్రి యగ్రజాతివా డైనచో బిడ్డయు తండ్రిజాతివాడే యను నూహ సాధారణముగ చేయవచ్చును గాని యది తిరుగులేనిది కాదనియు, తల్లి జనులయందు పెరిగి, వారు పడిన లేమిని, అవమానములను తానును పడినట్లు బిడ్డ నిరూపించుకొనవచ్చుననియు తీర్పుచెప్పినది. సాహిత్యవిమర్శకుడు ఈ తీర్పును శ్రద్ధతో చదువవలయును. రక్తమునకు మాఱుగా అనుభవమును న్యాయస్థానము ప్రమాణముగ గొన్నది. అనుభవమును మాటలలో బెట్టుటయే సాహిత్యము గదా!

ఇచ్చట బలమైన యాక్షేపణ యొకటి కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి యితరులకు పోరాదని 1970లో గట్టి నిబంధన వచ్చినది. జనులు దానిని 1/70 అందురు. గిరిజన స్త్రీని పెండ్లాడి యామె పేర భూమి నడపుకొను పరాయివారి కథలు గూడెములలో వినబడుచునే యున్నవి. సంకరమును మెచ్చుకొనుట యనిన నీ దోపిడికి పూలమాల వేయుట కాదా యని గోండు సోదరు డడిగినచో సమాధానమేమి? సమాధాన మిది: ఆ పెండ్లిలో సంకరము లేదు. తండ్రి భార్య పేరును కైకొనెను గాని భార్య భాషను కైకొనలేదు, అత్తవారి దేవతను కొలువలేదు, బిడ్డను తల్లి గూడెమున పెంచలేదు. అలంకారశాస్త్రపు మాటలో చెప్పినచో రెండు వస్తువులు కలియనే లేదు; ఒకటి రెండవదానిని మ్రింగినది. మ్రింగుటను కలయిక యని మెచ్చువాడు విమర్శకుడు కాడు. కలిసినచోట రెండు రుచులును నిలిచియుండవలయును.

కలయికను ఎట్లు చేయవలయునో యా గోండులయందే యొక దృష్టాంత మున్నది. పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూరున నాగోబా జాతర జరుగును. మెస్రం వంశీయులు గోదావరియందలి హస్తినమడుగునుండి జలమును కాలినడకను దెచ్చి దేవు నభిషేకింతురు. ఆ సందర్భముననే భేటింగు అను తంతు జరుగును. ఆ వంశమున మెట్టిన క్రొత్త కోడండ్రను పెద్దలు దేవునికి పరిచయము చేయుదురు. అది జరిగిన పిదపనే యామె మెస్రం వంశమునం దొకతెగా నంగీకరింపబడును. ఆ కోడండ్రు వేఱు గోత్రముల గోండు కన్యలే యనుట నిజము. దీనిని సార్వజనీన సమత్వమని పొగడనక్కఱలేదు. కాని యందలి సూక్ష్మమును గ్రహింపుడు. వంశమున జేరుట పుట్టుకతోనే ముగియు పని కాదు. పెద్దలు చేయిపట్టి, పేరుపెట్టి, అందఱియెదుట, ఈమె మనది యని చెప్పవలయును. చెప్పు బాధ్యత వచ్చినదానిది కాదు, ఉన్నవారిది. సంకరుని, నీవెవడవో నిరూపించుకొను మని నిలదీయు మన యాచారమునకును దీనికిని నెంత దూరము!

కావున విమర్శకులకు నా మనవి యిది. ఇద్దఱి నడుమ పుట్టినవారు వ్రాయు రచనలు మనకింక రావలసియున్నవి. 2006 ప్రాంతమున ఆదిలాబాదు సీమలోని గుంజాల గ్రామమున గోండీ లిపి వ్రాతప్రతులు వెలికివచ్చి, 2018లో ఆ లిపికి యూనికోడునందు స్థానము లభించినది. వ్రాయుటకు లిపులు మూడు నాలుగున్నవి. చదువుటకు మనస్సులు కావలయును. అట్టి రచన చేతికి వచ్చినపుడు ఇది శుద్ధమైన గోండు హృదయమా, శుద్ధమైన తెలుగుదనమా యని మొదట నడుగకుడు. ఇందులో తగినంత బాధ లేదే యనియు పెదవి విఱువకుడు. న్యాయస్థానము అవమానములను సాక్ష్యముగ నడిగినదని సాహిత్యమును అవమానములనే యడిగినచో, తల్లివైపు పాటయు, వంటయు, పరిహాసమును, అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరును వ్రాయదగనివై పోవును. గాయము వలెనే వారసత్వమును అనుభవమే.

గృహస్థులకును, గృహిణులకును ఒక్క మాట. మన వాకిట క్రొత్తవారు కాలు పెట్టగానే, మంచినీళ్ల చెంబుతోపాటు వెలువడు ప్రశ్న యొకటి కలదు: "మీరేమోళ్లు?" ఆ ప్రశ్నకు ఒక్క మాటతో నుత్తరమీయగలవారికి దాని పదును తెలియదు. రెండు మాటలు చెప్పవలసినవాడు ఏ మాటను మ్రింగవలెనో యని యా చెంబు పట్టుకొని క్షణకాలము నిలిచిపోవును. ఆ క్షణమును మనము సృష్టించుచున్నాము, మనమే మాన్పవచ్చును. మీ ఊరేది, మీ యింట నే పాటలు పాడుదురు, మీ అమ్మ మిమ్ము ఏమని పిలుచును అని యడిగిన నెంత సేపైనను చెప్పుటకు ఎవరికిని అడ్డులేదు. పద్యమందలి సంకరమును విని తలయూచు సహృదయునకు ఈ మాత్రపు సహృదయత భారము కానేరదు.